రిపోర్టులన్నీ నార్మల్, మరి ఈ గుండెదడ ఎక్కడిది?

ప్రశ్న: నా వయసు 43. ఉద్యోగం చేస్తూ, రెండున్నరేళ్లుగా మతిమరుపు జబ్బుతో ఉన్న అమ్మను నేనే చూసుకుంటున్నాను. ఆరు నెలల నుంచి గుండెదడ, మెడ పట్టేయడం, కడుపు ఉబ్బరం. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. ఈసీజీ, థైరాయిడ్, షుగర్, రక్తం అన్నీ చూసి నార్మల్ అన్నారు. "ఇదంతా టెన్షన్ అమ్మా, తగ్గించుకోండి" అని డాక్టర్‌గారు పంపేశారు. అప్పటి నుంచి ఇంట్లో అందరూ నాకేమీ లేదని, అంతా భ్రమ అని అంటున్నారు. వేరే ఊళ్లో ఉండే అన్నయ్య ఫోన్ చేసి "నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తావు" అంటాడు. మొన్న వేలు తెగితే అది మానడానికి కూడా నెల పైనే పట్టింది. నాది జబ్బా, భ్రమా? టెన్షన్ తగ్గించుకోవడం అంటే అసలు ఏం చేయాలి? (ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం, పేరు రాయవద్దన్నారు.)

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. గుండెదడ గురించి, నిద్ర గురించి వివరంగా రాసి, వేలు తెగిన సంగతి మాత్రం చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు ఆ వేలి దగ్గరే ఉంది.

1995లో అమెరికాలో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ అనే సైకాలజిస్టు, ఆమెతో పనిచేసేవాళ్లు కలిసి ఒక ప్రయోగం చేశారు. మతిమరుపు జబ్బు ఉన్న తమవాళ్లను చూసుకుంటున్న 13 మంది ఆడవాళ్లను, దాదాపు అదే వయసులో ఉండి అలాంటి బాధ్యత లేని మరో 13 మందిని తీసుకున్నారు. అందరికీ చేతి మీద ఒకే కొలతలో, మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, ఎన్నాళ్లకు మానుతుందో చూశారు. మీలాగా ఇంట్లో మనిషిని కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. 26 మంది అంటే చిన్న సంఖ్యే, ఒప్పుకుంటాను. కానీ 1998లో దంతవైద్య విద్యార్థుల అంగిట్లో ఇలాగే చిన్న గాయం చేసి ఒకసారి సెలవుల్లో, మరోసారి పరీక్షల ముందు చూస్తే, పరీక్షల రోజుల్లో అదే మనిషికి, అదే కొలత గాయానికి సగటున 40 శాతం ఎక్కువ సమయం పట్టింది. తెగిన చోటికి ముందు రక్షణ కణాలు చేరాలి, కాస్త వాపు రావాలి, చెత్తంతా తీసేయాలి, ఆ తర్వాతే కొత్త చర్మం. ఒత్తిడి ఎక్కువకాలం ఉన్నప్పుడు కుంటుపడేది ఆ మొదటి పనే.

మీ వేలు మానకపోవడానికి కచ్చితంగా ఇదే కారణమని ఒక్క గాయం చూసి ఎవరూ చెప్పలేరు. షుగర్ బాగానే ఉందన్నారు కాబట్టి ఇది కూడా అయ్యుండొచ్చు అంటున్నాను, అంతవరకే. కానీ ఈసారి ఇంట్లో ఎవరైనా "భ్రమ" అంటే ఆ ప్రయోగం గుర్తు చేసుకోండి. మనిషి భ్రమపడొచ్చేమో గానీ, చర్మం ఎలా భ్రమపడుతుంది?

మీది భ్రమ కాదు. మీ గుండె నిజంగానే దడదడలాడుతోంది, మెడ కండరం నిజంగానే బిగుసుకుంటోంది. నార్మల్ అనే మాటకు డాక్టర్ భాషలో అర్థం ఒకటి, మన ఇళ్లలో అర్థం ఇంకొకటి. పరీక్షలు చూసేది అవయవం పాడైందా లేదా అని. పాడవలేదు, అది చాలా మంచి వార్త, దాన్ని తీసిపారేయకండి. అయితే ఆ అవయవం రోజంతా, రాత్రంతా ఎంత చాకిరీ చేస్తోందో ఆ కాగితాల మీద కనపడదు. మామూలు ఈసీజీ నమోదు చేసేది గుండె కొట్టుకునే తీరును 10 సెకన్ల పాటు, అదీ పగటిపూట, మీరు బల్ల మీద కదలకుండా పడుకున్నప్పుడు. మీ కష్టమంతా ఉన్నది రాత్రి మూడింటికి కదా.

ఆ మూడింటికి ఏం జరుగుతోందో కాస్త దగ్గర నుంచి చూద్దాం. మీరు నిద్రలో ఉన్నారు. పక్క గదిలో ఏదో చప్పుడైంది. అమ్మ లేచారేమో, పడిపోతారేమో, తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోతారేమో. ఈ మాటలింకా మీ మనసులో ఏర్పడనే లేదు, ఈలోపే మెదడులో అమిగ్డాలా అనే చిన్న భాగం ఆ చప్పుడును ప్రమాదం కింద లెక్కేసి హైపోథాలమస్ అనే ఇంకో భాగానికి కబురు పంపేసింది. అక్కడి నుంచి నరాల మీదుగా, మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులకు. కొన్ని సెకన్లలో అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలో కలిసిపోయింది. గుండె వేగం పెరిగింది, మీ దడ అదే. మెడ, భుజాలు, దవడ బిగుసుకున్నాయి, పొద్దున లేవగానే పట్టేసినట్టుండే మెడ అదే. పరిగెత్తాల్సిన వేళ అరుగుదలతో పనేముందని కడుపుకు వెళ్లే రక్తం కండరాలకు మళ్లింది, ఇది పదేపదే జరిగితే అరుగుదల తప్పి కడుపు ఉబ్బరం. కాలేయం దాచుకున్న చక్కెరను వదిలింది. ఇంత జరిగేసరికి మీరింకా దుప్పటి కూడా తీయలేదు. వాల్టర్ కానన్ అనే శరీర శాస్త్రవేత్త 1915లోనే తన పుస్తకంలో ఒంట్లో వచ్చే ఇలాంటి మార్పులను వివరించారు. పోరాటమో పలాయనమో అని మనం అనేది దీన్నే.

లేచి చూస్తే అమ్మ నిద్రలోనే ఉన్నారు, గాలికి కిటికీ రెక్క కొట్టుకుంది, అంతే. అడ్రినలిన్ కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. కానీ వెనకాలే కార్టిజాల్ అనే ఇంకో హార్మోను బయల్దేరింది, అది రక్తంలో బాగా పెరగడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. అంటే మీరు తిరిగొచ్చి పడుకుని, హమ్మయ్య అనుకుని కళ్లు మూసుకున్నాక అన్నమాట. దీనికితోడు ఇంకో సంగతి ఉంది. కార్టిజాల్ అందరికీ అర్ధరాత్రి ప్రాంతంలో బాగా తక్కువగా ఉండి, రాత్రి రెండో సగంలో పెరగడం మొదలై, నిద్ర లేచిన కాసేపటికి అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది, మనల్ని పొద్దున్నే లేపి నిలబెట్టేది అదే. ఆ వేళకు గాఢనిద్ర కూడా చాలావరకు అయిపోయి ఉంటుంది, మిగిలేది పల్చటి నిద్ర. అందుకే పదకొండింటికి లేచినవాళ్లు మళ్లీ పడుకుంటే పట్టే నిద్ర మూడింటికి పట్టదు. ఆ గంటకు మీలో ఏదో లోపం ఉందని అనుకోకండి.

ఒంటికి ఈ ఏర్పాటు ఉండటం తప్పేమీ కాదు, లేకపోతే మనిషి బతకడు. చిక్కంతా ఎక్కడంటే, ఇది వచ్చి పోవడానికి ఏర్పడింది, వచ్చి ఉండిపోవడానికి కాదు. హాన్స్ సెల్యే 1936లో ఎలుకల మీద చూసింది ఇదే. చలి, గాయం, అతి శ్రమ, విషం, పెట్టిన బాధ ఏదైనా సరే, లోపల జరిగింది మాత్రం ఒక్కలాగే ఉంది, అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధానికి పనికొచ్చే థైమస్ కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. ముందు ఉలికిపాటు, తర్వాత తట్టుకుని నిలబడటం, చివరికి సొమ్మసిల్లిపోవడం అని ఆయన మూడు దశలు చెప్పారు. మీ రెండున్నరేళ్లలో మొదటి రెండేళ్లు మీరు తట్టుకున్నారు. ఆరు నెలలుగా ఒళ్లు మొరాయిస్తోంది. బ్రూస్ మెక్‌యువెన్ అనే శాస్త్రవేత్త 1993లో ఇలా ఒళ్లు లోలోపల అరిగిపోవడానికి అలోస్టాటిక్ లోడ్ అని పేరు పెట్టారు. తట్టుకుంటూ ఉండటానికి కూడా ఒళ్లు ఖర్చవుతుందని ఆ మాటకు అర్థం.

ఇక్కడ మిమ్మల్ని అనవసరంగా భయపెట్టడం నాకు ఇష్టం లేదు. ఒత్తిడికి అంటగట్టినవన్నీ నిజం కావు. కడుపులో అల్సర్లు టెన్షన్ వల్లే వస్తాయని డాక్టర్లే దశాబ్దాల పాటు చెప్పారు, తీరా చూస్తే చాలావాటికి కారణం హెలికోబాక్టర్ అనే బ్యాక్టీరియా అని తేలింది, దాన్ని కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ కూడా వచ్చింది. గుండెపోటు మీద 52 దేశాల్లో చేసి 2004లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో మానసిక ఒత్తిడి తొమ్మిది ముఖ్యమైన కారణాల్లో ఒకటిగా తేలింది, కానీ అది తొమ్మిదిలో ఒకటి, పొగతాగడం, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ లాంటివి దాని పక్కనే ఉన్నాయి. అందుకని "ఈ టెన్షన్‌తో నాకు గుండెపోటు వచ్చేస్తుంది" అని దడ వచ్చినప్పుడల్లా లెక్కలు వేసుకోకండి. మీ ఉత్తరంలో బీపీ సంగతి లేదు. అది మాత్రం ఒకసారి చూపించుకుని రాసిపెట్టుకోండి.

ఇక మీ అన్నయ్య మాట. "ఎక్కువ ఆలోచిస్తావు" అన్నది వినడానికి కష్టంగా ఉన్నా అందులో పిసరంత నిజం ఉంది, అయితే ఆయన అనుకున్న నిజం కాదు. జరిగిపోయినదాన్ని, జరగబోయేదాన్ని మనసు తిప్పితిప్పి నెమరేసినంతసేపూ ఒంట్లో ఆ ప్రతిస్పందన కొనసాగుతూనే ఉంటుంది. కానీ మీరు ఎందుకు అంత ఆలోచిస్తున్నారు? ఆయన ఆలోచించాల్సిన వంతు కూడా మీరే ఆలోచిస్తున్నారు కాబట్టి. మందు వేశారా లేదా, గ్యాస్ కట్టేశారా లేదా, ఎల్లుండి ఆఫీసులో ఆలస్యమైతే అమ్మ దగ్గర ఎవరుంటారు, ఇవి ఊసుపోక చేసే ఆలోచనలు కావు. ఇంటి బాధ్యత అంతా ఒక్క తలలోకి చేరినప్పుడు ఆ తల విశ్రాంతి తీసుకోదు.

మీరు అడిగిన రెండో ప్రశ్న, ఏం చేయాలి అన్నది, నిజానికి ఇక్కడే ఉంది. జే వైస్ అనే పరిశోధకుడు చాలాకాలం కిందట ఎలుకలతో చేసిన ప్రయోగాలు నాకెప్పుడూ గుర్తొస్తాయి, చదవడానికి బాధగా ఉంటుంది, కానీ వాటిలో తేలిన సంగతి మీకు పనికొస్తుంది. రెండు ఎలుకలకు సరిగ్గా ఒకే మోతాదులో, ఒకే సంఖ్యలో కరెంటు షాకులు. ఒకదానికి షాకుకు ముందు చిన్న శబ్దం వినిపించేది, రెండోదానికి ఎప్పుడొస్తుందో తెలియదు. ముందుగా తెలిసిన ఎలుకకు కడుపులో పుండ్లు చాలా తక్కువ. దెబ్బ ఒక్కటే, తేడా అల్లా ఎప్పుడు పడుతుందో తెలియడంలో. శబ్దం లేనంతసేపూ ఇప్పుడేం కాదు అని ఆ ఎలుక కాస్త నడుం వాల్చగలిగింది. మీకు లేనిది అదే. అమ్మ వారంలో రెండు రాత్రులే లేవొచ్చు, కానీ ఏ రెండో తెలియదు కాబట్టి మీరు ఏడు రాత్రులూ ఒక చెవి తెరిచే పడుకుంటున్నారు.

అందుకని మీకు మొట్టమొదట కావాల్సింది యోగా క్లాసూ కాదు, పుస్తకమూ కాదు. వారంలో రెండు రాత్రులు, ముందే ఖాయమైన రెండు రాత్రులు, అమ్మ బాధ్యత మీది కాకుండా ఉండాలి. "వీలైనప్పుడు వస్తాను", "అవసరమైతే ఫోన్ చెయ్యి" అనేవి ఇక్కడ పనిచేయవు, ఎందుకంటే అవసరమా కాదా అని చూస్తూ కూర్చోవాల్సింది మళ్లీ మీరే. అన్నయ్య వచ్చి ఉండలేకపోతే ఆ రెండు రాత్రులకు మనిషిని పెట్టే ఖర్చు, ఆ మనిషిని వెతికే పని, ఆ మనిషి రాకపోతే ఇంకొకరిని చూసే పని ఆయనవి. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు, డబ్బు పంపేసి చెయ్యి దులుపుకుంటే ఏర్పాటు చేసే తలనొప్పి మీకే మిగులుతుంది. ఫోన్‌లో బాధ చెప్పుకోకండి, చెప్పుకుంటే ఆయన ఓదారుస్తారు, మాట అక్కడితో ఆగిపోతుంది. ఇలా అడగండి: "అన్నయ్యా, నాకు ఆరు నెలలుగా నిద్ర లేదు, ఒంట్లో బాగుండటం లేదు. వారంలో రెండు రాత్రులు అమ్మను చూసుకునే బాధ్యత నువ్వు తీసుకోవాలి. ఏ రోజులో నువ్వే చెప్పు." చెప్పి ఊరుకోండి. అవతల మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని మీరు నింపకండి, "పర్లేదులే, నేనే చూసుకుంటాలే" అనే మాట మీ నోటి చివరిదాకా వస్తుంది, ఆ ఒక్కసారికి ఆపుకోండి.

ఆ రెండు రాత్రులూ వేరే గదిలో, తలుపు వేసుకుని పడుకోండి. మొదటి రెండు మూడు వారాలు అయినా మెలకువ వస్తుంది. అలవాటైన ఒళ్లు కదా, కాపలా దిగిపోయిందని నమ్మడానికి దానికి కొన్నాళ్లు పడుతుంది, ఇది పనిచేయలేదని అప్పుడే మానేయకండి.

మిగతా రాత్రుల సంగతి. దడ మొదలైనప్పుడు మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి నాడి పట్టుకోండి. మెల్లగా గాలి పీల్చండి, ఇంకా మెల్లగా వదలండి, నాలుగు లెక్కపెట్టేంతసేపు లోపలికి, ఆరు లెక్కపెట్టేంతసేపు బయటికి. కాస్త శ్రద్ధగా గమనిస్తే పీల్చేటప్పుడు నాడి కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకోవడం వేలి కింద తెలుస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ అనే నరం దానికి కళ్లెం వేస్తుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. నిమిషానికి ఆరు ఊపిరుల చొప్పున ఒక ఐదు నిమిషాలు చాలు. గుండెను మనం నేరుగా ఆపలేం, నెమ్మది చేయలేం, కానీ ఊపిరి మన చేతిలో ఉంది, దాని చెయ్యి పట్టుకుని గుండె వస్తుంది. దీనితో నిద్ర వచ్చి తీరుతుందని మాత్రం అనుకోకండి, నిద్ర కోసం పట్టుబడితే అదే ఇంకో టెన్షన్. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే మంచం దిగి, తక్కువ వెలుతురులో ఏదైనా చదువుకుని, కళ్లు మూతపడుతుంటే వచ్చి పడుకోండి. గడియారం కనపడకుండా తిప్పి పెట్టండి, "ఇంకా రెండు గంటలే ఉంది" అనే లెక్క నిద్రకు పెద్ద శత్రువు. మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ వద్దు, అందులోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రోజూ ఒక అరగంట చురుగ్గా నడవండి, పరిగెత్తడానికని ఒళ్లు సిద్ధం చేసి పెట్టిన శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి కదా.

ఇంకొకటి అడగనా? అమ్మ మిమ్మల్ని గుర్తుపడుతున్నారా? ఆ సంగతి మీరు రాయలేదు. ఇంత పెద్ద ఉత్తరంలో మందులు, రిపోర్టులు, నిద్ర గురించి ఉంది గానీ, మనిషి ఎదురుగా కూర్చుని ఉండగానే కొంచెం కొంచెంగా దూరమైపోతుంటే మీకెలా ఉందో ఒక్క ముక్క లేదు. చనిపోయినవాళ్ల కోసం ఏడవడానికి లోకం ఒప్పుకుంటుంది, బతికున్న అమ్మ కోసం ఏడిస్తే అదేంటి అంటుంది. పైగా అప్పుడప్పుడూ విసుగొస్తుంది, అడిగిందే పదిసార్లు అడిగితే అరిచేస్తాం, అరిచాక రాత్రంతా కుమిలిపోతాం. మీకు అలా జరిగి ఉంటే, ఇలాంటి సేవ చేస్తున్న ఎంతోమందికి జరిగేదే మీకూ జరిగింది, మీరు చెడ్డ కూతురు కారు. ఎవరికీ చెప్పుకోలేకపోతే కాగితానికి చెప్పండి. జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు 1986లో ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థులతో వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను కుదిపేసిన విషయాల గురించి రాయించారు. జరిగినదాన్నీ తమకు కలిగిన బాధనూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో జబ్బని డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కుతుంది, అది మామూలే. ఎవరికీ చూపించక్కర్లేదు, చింపేసినా పర్లేదు. మరీ తట్టుకోలేనట్టుంటే ఆపేయండి.

డాక్టర్ దగ్గరికి మళ్లీ ఎప్పుడు వెళ్లాలో కూడా చెప్పాలి, ఎందుకంటే టెన్షన్ అని ఒకసారి ముద్ర పడ్డాక అసలు జబ్బును కూడా అందులోనే కలిపేసే ప్రమాదం ఉంది. ఛాతీలో నొప్పి లేదా బరువుగా పట్టేసినట్టు ఉండి అది చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టి ఊపిరాడకపోయినా, దడతోపాటు కళ్లు తిరిగి పడిపోయినా ఇది టెన్షనేలే అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా, మరో గాయం ఇలాగే మానకపోయినా చూపించుకోండి. దడ తరచుగా వస్తుంటే 24 గంటలు గుండెను నమోదు చేసే హోల్టర్ పరీక్ష గురించి అడగండి. రెండు వారాల పైన ఏదీ చేయబుద్ధి కాకుండా, దేని మీదా ఆశ లేకుండా ఉంటే సైకియాట్రిస్టును కలవండి, బతకాలని లేదు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరికైనా చెప్పండి. నిద్రలేమి ఇలాగే కొనసాగితే మాత్రల కంటే ముందు, నిద్ర కోసమే ప్రత్యేకంగా ఉన్న కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (నిద్రకు అడ్డుపడే ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స) చేసే సైకాలజిస్టు దొరుకుతారేమో కనుక్కోండి, దీర్ఘకాలపు నిద్రలేమికి మొదట సిఫార్సు చేసేది అదే.

ఇంట్లోవాళ్లకు ఈ ఉత్తరం చదివి వినిపించండి, వేలి గాయం గురించి రాసిన భాగమైనా సరే. అన్నయ్యకు ఫోన్ మాత్రం ఈ ఆదివారం దాటనివ్వకండి. ఆయన ఏ రెండు రాత్రులు ఒప్పుకున్నారో నాకు రాయండి, ఒప్పుకోకపోతే అదీ రాయండి, తర్వాత ఏం చేయాలో అప్పుడు చూద్దాం.